విరగాల్సిన బోల్టు

మొన్నటి గాలివానకి నడుం వాల్చిన మా కొబ్బరిచెట్టుని కోయించాల్సి వచ్చింది. రంపం మిషను భుజాన వేసుకొచ్చిన మనిషి చెట్టు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, సరిగ్గా గొంతెత్తున మానులో దిగబడి ఉన్న ఇనపబద్ద దగ్గర ఆగిపోయాడు. దాని మీద నా తువ్వాలు ఆరేసి ఉంది.

"ఇదేటి బాబూ, సెట్టుకి సిలక్కొయ్య ఏయించినారేటి?"

"నానేయించలేదు. అదే ఒచ్చి దిగినాది."

అతను నా మొహంలోకి చూసి, పొద్దున్నే పుచ్చుకున్నానేమోనని ఒక అడుగు వెనక్కి వేశాడు. నేను చెప్పింది నిజం. ఆరేళ్ళ కిందట ఆ బద్ద మా పెద్దబావ కుడి చెవికీ, యముడిగారి దున్నపోతు ఎడమ కొమ్ముకీ మధ్య మిగిలిన సందులోంచి దూసుకొచ్చి ఈ చెట్టులో కాపురం పెట్టింది. ఆ సందు ఎంతటిదంటే, మర్నాడు అద్దంలో చూసుకుని లెక్కపెడితే బావ చెవి మీద వెంట్రుకలు రెండు తక్కువొచ్చాయి.

అతను బద్దని పీకి నా చేతిలో పెట్టాడు. అంచు తడిమాను. మొద్దుగా ఉంది. ఉండాల్సినంత మొద్దుగానే ఉంది. "గెడ్డం గీసుకుందుకేట్రా ఇది, కత్తిలాగ నూరీసినావు!" అని వెనక నుంచి ఎవరో తిట్టినట్టయి తిరిగి చూశాను. ఎవరూ లేరు. తిట్టేవాడు పోయి నాలుగేళ్ళయింది.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలన్న మర్యాద నాకు తెలుసు. తెలిసే దాన్ని పక్కన పెడుతున్నాను. ఆయన బతికుండగా ఒక్కడి గురించీ ఒక్క మంచిమాట అన్న పాపాన పోలేదు. మేమూ ఆయన్ని అంత మర్యాదగానే చూసుకున్నాం.

పేరు చెప్పను. చెప్పినా మా ఊళ్ళో ఎవరూ పోల్చుకోలేరు. సొంత పెళ్ళాంతో సహా అందరికీ ఆయన గ్రీజు మావే. నిలువునా ఎండిన నెత్తళ్ళ చేపలా ఉండేవాడు. వాన కురిస్తే మాకు గొడుగులు కావాలి, ఆయన మీద చినుకు నిలిచేది కాదు, జారిపోయేది. ఆయన సముద్ర స్నానానికి దిగిన రోజున కళింగపట్నంలో చేపలు నూనె పొయ్యకుండానే వేగేవని మా ఆడవాళ్ళు చెప్పుకునేవారు. మిగతా మగాళ్ళు చుట్ట దోపుకునే చోట ఆయన గ్రీజుగన్ను దోపుకునేవాడు. పెళ్ళికీ అదే, పేరంటానికీ అదే.

మా చినతాత పోయినప్పుడు శ్రీకాకుళం నుంచి శవాల బండి వచ్చింది. వెనక తలుపు తీస్తే కీచుమంది. అంతే, ఏడుపులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి, ఎందుకంటే ఆయన మొలలోంచి గన్ను తీశాడు. పాడె మోస్తున్న నలుగురూ పాడెతో సహా ఎండలో నిలబడ్డారు. రెండు కీళ్ళకీ పట్టించి, తలుపు నాలుగుసార్లు తీసి వేసి, చెవి పెట్టి విని, అప్పుడు దారిచ్చాడు.

"ఇప్పుడెక్కించండి. పోయినోడు ఊరుకుంటాడు గానీ కీలు ఊరుకోదర్రా."

ఇక ఆ యంత్రం సంగతి. మేం పదకొండుమంది తోటల రైతులం కలిసి కొన్నాం. ట్రాక్టరు వెనక తగిలించి లాగే గడ్డికోత యంత్రం. కాయితాల్లో రోటరీ కట్టరు, మా నోళ్ళలో ఉత్త కట్టరు. మంచమంత ఇనప పెట్టె, దాని అడుగున పళ్ళెంలాంటి చక్రం, ఆ చక్రానికి వేలాడుతూ రెండు బ్లేడ్లు. జీడిగింజ రాలకముందే తోటల కింద తుప్పలూ గడ్డీ కొట్టించకపోతే రాలిన గింజ కంటికి కనబడదు. ఒక్క నెల గడువు, పదకొండు తోటలు, ఒక్క కట్టరు. కాబట్టి ఆ నెలంతా మా ఊళ్ళో దేవుడి తర్వాతి స్థానం కట్టరు షెడ్డు తాళంచెవి ఎవరి దగ్గరుంటే వాళ్ళది. అది ఆయన మొలతాడుకి ఉండేది.

ఆయనకి తోట లేదు. ఒకప్పుడు ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర కొబ్బరితోట ఉండేదట. వంశధార రెండు వానాకాలాల్లో తన మొగ మార్చుకుని, ఆ తోటని చెట్లతో సహా సముద్రంలోకి పట్టుకుపోయింది. తోట లేనివాడికి తోటల సంఘంలో చోటేమిటి? కానీ కట్టరు కిందకి దూరి ఒళ్ళు జిడ్డు చేసుకునే సరదా మా పదకొండుమందిలో ఒక్కడికీ లేదు. అందుకని తాళం ఆయనకిచ్చాం. తాళంచెవి మొలకి ఉన్నంతకాలం ఆయన పన్నెండోవాడు. సంఘం అరుగు మీద మాతో సమానంగా కాళ్ళు ముడుచుకుని కూర్చునేవాడు. అది పోయిననాడు అరుగూ పోతుంది. ఈ సంగతి మాకు తెలుసు, ఆయనకీ తెలుసు. తెలిసి కూడా ఆయన నోరు అదుపులో పెట్టుకోలేదు.

పొద్దున్న ఆరింటికి డ్రైవరు అప్పలసూరి, ఆ రోజు ఎవరి తోట అయితే వాళ్ళు, షెడ్డు ముందు హాజరవ్వాలి. ముందు గ్రీజు కాదు, నూనె కాదు.

"సేతులు సూపించండి."

రెండు చేతులూ చాపాలి. ఆయన ఒక్కొక్క వేలూ ముట్టుకుని, అమ్మకానికొచ్చిన అరటిపళ్ళలా నొక్కి చూసి లెక్కపెట్టేవాడు. "పది. పది. సరే. సాయంత్రం కూడా పదే సూపించాల. తొమ్మిదట్టుకొస్తే ఇంటికెల్లనివ్వను."

ఆయనకి మాత్రం తొమ్మిదే. ఎడమచేతి చిటికెనవేలు మొదలంటా లేదు. ఏమైందని అడిగితే "పని నేర్సుకున్నప్పుడు ఫీజు కట్టినాను" అనేవాడు. ఆ వేలు ఎలా పోయిందో ఊళ్ళో ఏడు కథలు తిరిగేవి. అందులో ఐదు నేను కల్పించినవే.

తర్వాత గేరుబాక్సు. నూనె మట్టం చూడటానికి దానికొక ఇనపపుల్ల ఉంటుంది. ఆయన పుల్లని నమ్మడు. వేలు ముంచి, నాలిక మీద రాసుకుని, కళ్ళు మూసుకుని, కొత్తకోడలు కాచిన పులుసు రుచి చూసే అత్తగారిలా చప్పరించేవాడు.

"పుల్ల ఉన్నాది గద మావా" అన్నానొకసారి.

"పుల్లకి నాలికుంటాదేటి? నీల్లు కలిసినాయో లేదో అది సెప్తాదేటి?" అని తుపుక్కున ఉమ్మి, "నిన్న గెడ్డలోంచి ఎవడు తోలినాడ్రా దీన్ని?" అన్నాడు.

అప్పలసూరి కాలి బొటనవేలితో నేల మీద ముగ్గు వెయ్యడం మొదలెట్టాడు. నిజంగానే అడ్డదారని గెడ్డ నీళ్ళలోంచి తోలాడు. ఆ నాలిక జిల్లా ఆసుపత్రిలో ఉంటే సగం పరీక్షలు దండగ అని నేనప్పుడు అన్నాను. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. గ్రీజు కొడుతున్నాడు.

గ్రీజు కొట్టడం అంటే మనలాంటివాళ్ళు రెండుసార్లు నొక్కి లేచిపోతాం. ఆయన అలా కాదు. ఒక్కో కీలు దగ్గరా చతికిలబడి, లోపలున్న పాత నల్లటి గ్రీజు పేగులా బయటికి వచ్చేదాకా కొట్టేవాడు. "కొత్తది లోపలికెల్తే సాలనుకుంటారు ఎదవలు. పాతది బైటికి రావాల" అని గొణిగేవాడు. ఈలోపు సూర్యుడు నడినెత్తికొచ్చి, ఇంక లాభం లేదని పడమటికి తిరిగేవాడు.

మా తోటలకి ముళ్ళకంచెలుండవు. చేపలకి పనికిరాని పాత నైలాను వలలు ఒడ్డు నుంచి అడిగి తెచ్చుకుని, కర్రలకి కట్టి, కింది అంచు లేవకుండా రాళ్ళో, విరిగిన పడవ లంగర్లో కట్టేస్తాం. పందులు రావు. కానీ ఆ వల పోగులు చివికి, గడ్డిలో కలిసి, కట్టరు కింద ఇరుసుకి చుట్టుకుని బిగుసుకుంటాయి. నూనె కారకుండా ఆపే సీలుని కోసేస్తాయి. రోజూ సాయంత్రం ఆయన అడుగున వెల్లకిలా పడుకుని, చిన్న కత్తితో ఒక్కో పోగూ కోసి తీసేవాడు. తీసి పారేస్తే మనిషే. పారెయ్యడు. రంగుని బట్టి ఎవరి కంచెదో పోల్చి, తీసుకెళ్ళి వాళ్ళ గుమ్మానికి కట్టేవాడు. మా గుమ్మానికి మామిడాకు తోరణం ఏడాదికి నాలుగురోజులుంటే ఆకుపచ్చ నైలాను తోరణం మిగతా రోజులన్నీ ఉండేది.

బ్లేడు అరిగితే రెండూ కలిపే మార్చాలి, రెండూ ఒకే బరువుండాలి. దానికోసం వీధిలో చేపల గంప దించిన మనిషి దగ్గర తాసు లాక్కుని, వంజరం దించేసి బ్లేడ్లు తూచేవాడు.

"ఓలమ్మో, ఇనపసేప ఒచ్చినాది! పులుసుకేనా మావా, వేపుడికా?" అని ఆవిడ అరిచేది.

"ఒలే, నోరు మూసుకుని ముల్లు సూడు. అక్కసెల్లెల్లలాగుండాల. ఒకర్తి బరువెక్కితే ఇల్లంతా ఊగిపోద్ది." బరువెక్కిన అక్కని ఆకురాయితో రాసి రాసి చెల్లెలికి సమానం చేసేవాడు. ఆ తర్వాత మూడురోజులు మా తోటలు కోసిన గడ్డి వాసన కాకుండా వంజరం వాసన కొట్టేవి.

ఇంత శ్రద్ధ గల మనిషి మీద గౌరవం ఉండాలి కదా అనిపిస్తుంది. ఆయన నోరు మీరు వినలేదు.

సంఘానికి పెద్ద మా పెద్దబావ. ఒకసారి మొహమాటంగా, "గ్రీజు రేపు కొట్టొచ్చులే మావా" అన్నాడు. పదిమంది ముందూ ఆయన, "అవును, పల్లు కూడా రేపే తోంకుందువు గానీ, కొంచెం దూరం జరిగి కూకో" అన్నాడు. ఆ రోజు నుంచి బావ సమావేశాల్లో నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకునే మాట్లాడతాడు.

నా వంతు ఇంకా ఘనంగా వచ్చింది. మా ఆవిడ తరపువాళ్ళు విజయనగరం నుంచి వచ్చారు. నేను తెల్లచొక్కా తొడుక్కుని, సముద్రం దాకా నాదేనన్నట్టు చెయ్యి ఊపుతూ మామగారికి తోట చూపిస్తున్నాను. గ్రీజు మావ వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"నిన్న కట్టరు అడుగున తడిగెడ్డి గీకకుండా షెడ్డులో ఎట్టీసినావు. దా, పడుకో."

"సుట్టాలొచ్చినారు మావా, సాయంత్రం..."

"సుట్టాలు సూసి నేర్సుకుంటారు. పడుకో."

షెడ్డుకి వెళ్ళి, తెల్లచొక్కాతో కట్టరు కింద పడుకున్నాను. పైనుంచి కుళ్ళిన గడ్డి మొహం మీద పడుతుంటే గీకాను. ఆయన ముక్కాలిపీట మీద కూర్చుని మా మామగారికి నన్ను వివరించాడు. "సూడండి బాబూ, మీ అల్లుడు ఎప్పుడూ పైనే తుడుస్తాడు. అడుగు సూడడు. ఈడి బుర్ర తిరగేసి సూసినా ఇంతే, అడుగంతా గెడ్డే." మామగారు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇప్పటికీ ఫోను ఎత్తగానే "అడుగు గీకీసినావా అల్లుడూ?" అంటాడు, ఆ తర్వాతే క్షేమసమాచారం.

ఇప్పుడు బోల్టు. ట్రాక్టరు నుంచి తిప్పుడు తెచ్చే షాఫ్టుకీ, గేరుబాక్సుకీ మధ్య ఒక బోల్టుంటుంది. కావాలనే మెత్తటి ఇనుముతో చేస్తారు. బ్లేడు ఏ రాయికో మోడుకో గుద్దుకుంటే ముందు అది పుటుక్కున విరగాలి. అది విరిగితే గేరుబాక్సు బతుకుతుంది, బ్లేడు బతుకుతుంది, దగ్గరున్న మనుషులు బతుకుతారు. గట్టి బోల్టుకి తల మీద అంకెలు ఉబ్బెత్తుగా ఉంటాయి. మెత్తదాని తల నున్నగా ఉంటుంది. బిగించేముందు ఆయన ప్రతిసారీ తల మీద బొటనవేలు పెట్టి రాసి చూసేవాడు. కంటితో చూడడు.

"కల్లు మోసపోతాయి. బొటనేలు మోసపోదు."

బాధేమిటంటే ఆ బోల్టు తన ధర్మం తప్పకుండా విరిగేది. రోజుకి రెండుసార్లు, మూడుసార్లు. విరిగినప్పుడల్లా ఆయన కొత్తదాని కోసం షెడ్డుకి నడిచివెళ్ళేవాడు. జేబులో నాలుగు పెట్టుకోమంటే "దగ్గరుంటే సులువుగా ఇరగ్గొడతారు, నాకు తెల్దేటి" అనేవాడు. కిలోమీటరు దూరం. దారిలో కీచుమన్న ప్రతి గేటునీ పలకరించి గ్రీజు పెట్టేవాడు. తిరిగొచ్చేసరికి అంతకుముందు కోసిన గడ్డి మళ్ళీ మోకాలెత్తు పెరిగి, ఆయన్ని చూసి తలూపేది.

ఆ ఏడు జీడి ముందే దిగింది. నాలుగు తోటల్లో గింజ గడ్డిపాలైంది. "గట్టి బోల్టు ఏసీ మావా, గొడవొదిలిపోద్ది" అని పదకొండుమందిమీ అరిచాం.

"ఏస్తాను. ముందు మీ పెల్లాల్ని పిలిపించండి, ఆల్ల కాడ ఒప్పందం రాయించుకోవాల" అని లేచిపోయాడు.

ఆయన వెళ్ళాక బావ తువ్వాలు నోటి నుంచి తీశాడు. "ఒరే, ఈ ముసిలోడి కాన్నించి తాలం లాగీడం నాకు మాత్రం ఇష్టం లేదేటి? ఇన్నేల్లలో ఒక్క తప్పు సూపించండ్రా. ఒక్కటంటే ఒక్కటి. నానే లాగీస్తాను."

మేం వెతికాం. దొరకలేదు. అందుకని ఒకటి తయారుచేశాను.

నరసన్నపేట వెళ్ళి ఒక గట్టి బోల్టు తెచ్చాను. మధ్యాహ్నం మా ఆవిడ కునుకు తీస్తుంటే పెరటి మెట్ల మీద కూర్చుని, ముతక ఆకురాయితో దాని తల మీది అంకెలు అరిగేదాకా రాశాను. రాసిన చోట పాత గ్రీజు అద్దాను, షెడ్డులో ఆయన డబ్బాలోంచి తీసిన గ్రీజే. సాయంత్రం ఆయన అడుగున పడుకుని నా కంచె పోగులే కోస్తుంటే, పక్కనే ఉన్న బోల్టుల డబ్బా ఖాళీ చేసి, ఇదొక్కటే అందులో వేసి వచ్చాను.

నా పథకం చాలా సాధువైనది. మర్నాడు నా తోట. ఉత్త ఇసకనేల, మోడు లేదు, రాయి లేదు. ఒక గంట నడవనిచ్చి, టిఫిను వేళకి బావ వస్తాడు కనక, బావ ఎదుటే బోల్టు విప్పించి, గట్టిదని తేల్చడం. ఎవరికీ దెబ్బ తగలదు, ఒక్క ఆయనకి తప్ప.

పొద్దున్న చేతులు చూసుకున్నాడు. పది, పది. కట్టరు తగిలించాక, రోజూలాగే నిన్నటి బోల్టు అరిగిందని తీసేసి, డబ్బాలో చెయ్యిపెట్టాడు. "ఒక్కటే ఉన్నాదేటి?" అని గొణిగి, తల మీద బొటనవేలు రాశాడు. వేలు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ రాశాడు. అప్పటికే ఆయన చేతులు కొంచెం వణికేవి, మంచుకి కాబోలు అని మేం ఒకరికొకరం చెప్పుకునేవాళ్ళం. బిగించేశాడు.

"లంగరు తీసినావేట్రా?" అన్నాడు నాతో.

నా కంచె కొసని ఒక విరిగిన పడవ లంగరు కట్టి ఉంది, ఇసకలో సగం కూరుకుపోయి. తియ్యమని పదిసార్లు చెప్పాడు. తీస్తే వల లేస్తుంది, పందులు దూరతాయి. పైగా కట్టరు ఆ కొసకి వెళ్ళేలోపు నేను ఆపించేస్తాను కదా.

"తీసీసేను మావా" అన్నాను.

తోటలోకి వచ్చాక ఆయన అవతలి గట్టుకి పోగులు ఏరడానికి వెళ్ళాడు. బావ వచ్చాడు. ఉప్మా వచ్చింది. ఆ రోజు ఉప్మా గురించి రెండు మాటలు చెప్పాలి. మా ఆవిడ దాని మీద జీడిపప్పు ఎంత ధారాళంగా చల్లిందంటే, ఉప్మా కోసం వెతకాల్సి వచ్చింది. బావా నేనూ వెతుకుతూ కూర్చున్నాం. రెండోసారి వడ్డించుకుని తలెత్తేసరికి అప్పలసూరి ట్రాక్టరుని కంచె కొసని తిప్పుతున్నాడు. అరవడానికి నోరు తెరిచాను. నోటినిండా ఉప్మా.

ఆ చప్పుడు కళింగపట్నం దాకా వినబడి, ఒడ్డున ఎండబెట్టిన చేపలు బోర్లా తిరిగాయంటారు. లంగరు కొక్కెం బ్లేడుని పట్టుకుంది. బోల్టు విరగలేదు. అది విరగకపోయేసరికి గేరుబాక్సు నిలువునా చీలింది, బ్లేడు ఊడి, రాళ్ళు ఎగరకుండా వెనక వేలాడే గొలుసుల్ని తెంపుకుని, బావ చెవి పక్కగా వచ్చి కొబ్బరిచెట్టులో దిగి కాసేపు తంబూరాలా మోగింది. బావ ఉప్మా కంచం తల మీద పెట్టుకుని నేలమీద ఉన్నాడు. గేరుబాక్సు నూనె ఇసకలోకి ఇంకిపోతోంది.

గ్రీజు మావ పరిగెత్తడం నేను చూసింది అదొక్కసారే. వస్తూనే కట్టరు వంక చూడలేదు.

"సేతులు! సేతులు సూపించండి బేగి!"

అప్పలసూరివి పది. బావవి పది. నావి పది. "ముప్పై" అన్నాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. "ముప్పై." బావ తల పట్టుకుని అటూ ఇటూ తిప్పి "సెవులు రెండు" అని కూడా కలుపుకున్నాడు. అప్పుడు ఇసకలో చతికిలబడ్డాడు.

అక్కణ్ణించే పాక్కుంటూ షాఫ్టు దగ్గరికి వెళ్ళాడు. బోల్టు వంగింది గానీ నిక్షేపంలా ఉంది. విప్పాడు. పంచెతో గ్రీజు తుడిచి, తల మీద బొటనవేలు పెట్టాడు. ఆ వేలు అక్కడే చాలాసేపు ఉండిపోయింది. నేను ఉప్మా మింగేశాను. ఆయన ఎవరి వంకా చూడకుండా బోల్టు మొలలో దోపుకున్నాడు.

సాయంత్రం అరుగు మీద సంఘం కూడింది. బావ తువ్వాలు తీసేసి అడిగాడు.

"గట్టి బోల్టు ఎవులేసినారు మావా?"

"తాలం నా కాడున్నాది. ఇంకెవులేస్తారు? నానే."

"తెలిసేసినావా, తెలీకేసినావా?"

"తెలిసే. మీ గోల పడలేక."

మేం పదకొండుమంది ఒక్కసారి గొంతులు విప్పాం. ఇన్నేళ్ళ తిట్లన్నీ వరస తప్పకుండా తిరిగి అప్పజెప్పాం. నన్నందరూ ఆశగా చూశారు, చివరి మాట నాదే కావాలని. "తొమ్మిది సేతేల్లోడికి తాలమిచ్చినప్పుడే అనుకున్నాను, పదోది ఎప్పుడో మనల్నడుగుతాడని" అన్నాను. అరుగు అదిరేలా నవ్వారు. నెలరోజులు ఊరంతా అదే మాట.

మొలతాడుకి తాళంచెవి ఎంత గట్టిగా ముడేసుకున్నాడో, విప్పబోతే ఆయన వల్ల కాలేదు. వేళ్ళు జారిపోయాయి. బావ చెయ్యి చాపి, పోగులు కోసే ఆ చిన్న కత్తే ఇమ్మని తీసుకుని, ముడి కోసేశాడు. దిగమని ఎవరూ అనలేదు. ఆయనే అరుగు దిగి, కింద నిలబడి, కత్తి ఇస్తారేమోనని కొంచెంసేపు చూసి, వెళ్ళిపోయాడు.

తాళంచెవి నాకిచ్చారు. లంగరు నా తోటలో ఉంది కనక బాధ్యత నేర్చుకోవాలని బావ వేళాకోళం. కొత్త గేరుబాక్సు వేయించాం. మొదటి నెల గ్రీజు కొట్టాను. రెండో నెల కొట్టాననుకున్నాను. వల పోగులు ఇరుసుని పీక పిసికాయి, నూనె కారింది, మరుసటి జీడికి కట్టరు తిరగలేదు. ఇప్పుడు దాని అడుగున మా కోడి గుడ్లు పెడుతుంది. ఆ సంఘంలో ప్రస్తుతం పనిచేస్తున్న సభ్యురాలు అదొక్కతే.

ఆయన రెండేళ్ళు బతికాడు. గ్రీజుగన్ను మొలలో పెట్టుకుని ఊరంతా తిరిగేవాడు. షెడ్డు ముందుకొస్తే మూసిన తలుపుకి చెవి ఆనించి కాసేపు వినేవాడు. మేం అరుగు మీద నుంచి "ఏటంటన్నాది మావా?" అని అరిచేవాళ్ళం. మా గుమ్మం నైలాను తోరణం కట్టేవాడు లేక బోసిపోయింది.

ఒకరోజు మధ్యాహ్నం ఆయన పెళ్ళాం మా గుమ్మంలో నిలబడింది. "మావ నిన్నోసారి రమ్మంటన్నాడు బాబూ. సేతులు కడుక్కుని రమ్మన్నాడు."

వెళ్ళాను. మంచానికీ మనిషికీ తేడా తెలియనంత పల్చబడ్డాడు. కూర్చుంటే మంచం కిర్రుమనలేదు, దానికీ గ్రీజు పెట్టి ఉంటాడు. తలకింద నుంచి గుడ్డమూట తీశాడు. అందులో బోల్టు. తుప్పు చుక్క లేదు.

"నాను అడగటం లేదు, సెప్తన్నాను" అన్నాడు. "ముతకాకురాయితో గీసినావు. అంకె పోనాది, గీతలుండిపోనాయి. గీతల్లో నా గ్రీజే కూరీసినావు. ఆమాత్రానికే ఏలు జారిపోనాది. సన్నాకురాయితో గుండ్రంగా తిప్పి రాయాల, గీత పోయేదాక. ఎదవ పనయినా సుబ్బరంగా సెయ్యాల గద. సగంలో ఒదిలీసినావు."

నా మొహం కట్టరు అడుగున ఉన్నట్టే ఉంది, ఏదో రాలి పడుతున్నట్టు. "ఆ రోజే సెప్పీయొచ్చు గద మావా. తాలం ఉండిపోను."

"ఏటని సెప్పాల? ఇలాటి ముతక పనికి నా బొటనేలు మోసపోనాదనా? అదీ నీ సేతిలోనా?" దగ్గు వచ్చింది. తగ్గేదాకా ఆగి, "తప్పు సేసినానంటే ఊరు నవ్వుతాది, నవ్వనీ. నీ సేతిలో మోసపోనానంటే నాకు నానే నవ్వుకోవాల" అన్నాడు.

బోల్టు నా ఒళ్ళోకి విసిరాడు.

"సేతులు సూపించు."

చాపాను. చల్లటి వేళ్ళతో ఒక్కొక్కటీ ముట్టుకుని, నొక్కి, లెక్కపెట్టాడు. తొందరపడలేదు.

"పదీ ఉన్నాయి" అన్నాడు. నా చేతులు పక్కకి తోసేసి గోడవైపు తిరిగాడు. "ఏటి లాబం!"

నాలుగోరోజున పోయాడు. శ్రీకాకుళం నుంచి బండి వచ్చింది. వెనక తలుపు తీస్తే కీచుమంది. ఏడ్చేవాళ్ళు ఒక్క క్షణం ఆగి అలవాటుగా పక్కలకి చూశారు. ఎవరి మొలలోనూ ఏమీ లేదు. మళ్ళీ ఏడుపు అందుకున్నారు.

పదకొండోనాడు భోజనాలయ్యాక ఇంటికొచ్చి, పెరటి మెట్ల మీద కూర్చుని, సన్న ఆకురాయితో ఆ బోల్టు తల రాయడం మొదలెట్టాను. ఆయన చెప్పినట్టే, గుండ్రంగా తిప్పుతూ. పొద్దు వాలేవేళకి అద్దంలా అయింది. గ్రీజు అద్దకుండా బొటనవేలు పెట్టి రాసి చూశాను. ఒక్క గీత తగల్లేదు.

ఇప్పుడింక ఎవరూ పట్టుకోలేరు.